నాలుగేళ్ల స్మార్ట్‌వాచీ సాయంత్రానికే చేతులెత్తేస్తోంది: కొత్తది కొనాలా, దీన్నే నడపాలా?

మణికట్టు_మనిషి
వాచీ కొని నాలుగేళ్లు దాటింది. మొదట్లో పొద్దున్నే ఛార్జింగ్ తీసి కట్టుకుంటే మర్నాటి పొద్దుటి దాకా వచ్చేది. ఇప్పుడు సాయంత్రం నడకకి బయల్దేరే వేళకే బ్యాటరీ గుర్తు ఎర్రబడుతోంది, సగం దారిలో స్క్రీన్ నల్లబడిపోతోంది. ఏ కంపెనీదో చెప్పను, చెబితే చర్చంతా ఆ కంపెనీ మీదికే పోతుంది.

కొత్త మోడల్ చూశా. పల్చగా ఉంది, స్క్రీన్ పెద్దది, నిద్రలో ఊపిరి ఆగితే పసిగడుతుందట. కానీ నేను రోజూ వాడేది నడక లెక్క, మెసేజీలు చూసుకోవడం, టైమరు, ఫోన్ ఎక్కడ పెట్టానో మోగించి వెతకడం. అంతే. ఈ మాత్రానికి కొత్తది కావాలా? మీరు రోజూ దేనికి వాడుతున్నారు, పాతది మార్చాక నిజంగా తేడా ఏం కనబడింది? ప్రకటనల్లో రాసేది నాకూ తెలుసు, మీ చేతికి తెలిసింది చెప్పండి.

తీరికలేదు
ఫోన్ మోగించే బటన్ ఒక్కటి చాలు నాకు. మా ఇంట్లో ఆ టింగుటింగు వినబడగానే మా చిన్నోడు "ఫ్రిజ్ మీదుంది" అని అరుస్తాడు, నేను వెతికే పని కూడా ఉండదు.

సాదాగడియారం
నేను వాడి మానేసినవాణ్ణి. మణికట్టు మీద ప్రతి మెసేజీకీ ఒక తాకుడు. ఎవరితోనన్నా మాట్లాడుతుంటే నా చూపు కిందకి పోయేది, ఎదుటివాళ్లు "పనుందా, వెళ్తారా?" అని అడిగేవాళ్లు. అది నాకు నచ్చలేదు. ఇప్పుడు మామూలు గడియారం కట్టుకుంటున్నా. బ్యాటరీ మార్చేదెప్పుడో ఒకసారి. మీ పాతది ఆగిపోతే ఆగిపోనివ్వండి, కొన్నాళ్లు లేకుండా ఉండి చూడండి. అప్పుడు కూడా కావాలనిపిస్తే కొనండి.

పరుగుపిచ్చి
@సాదాగడియారం అన్నా, ఆ తాకుళ్లు మనం ఆపుకోవచ్చు కదా. నాకు ఫోన్ కాల్స్, ఇంట్లోవాళ్ల మెసేజీలు తప్ప ఇంకేవీ చేతికి రావు. కొన్న రోజునే మిగతావన్నీ కట్టేశా. అన్నీ తెరిచి ఉంచితే ఎవరికైనా విసుగే.

సాదాగడియారం
కట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేది టైము చూసుకోవడమే కదా తమ్ముడూ. దానికి నా గడియారం ఉంది.

నిశ్శబ్దం
నాకు చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ. రాత్రి మిషను తీసి పక్కన పెట్టి పడుకుంటాను, ఇక ఏ అలారం మోగినా నాకు తెలియదు. ఒకప్పుడు ఎవరో ఒకరు వచ్చి లేపాల్సిందే. రైలుకో పరీక్షకో వెళ్లాలంటే ముందు రాత్రి నిద్రే పట్టేది కాదు. ఇప్పుడు వాచీ చేతి మీద తట్టి లేపుతుంది, పక్కన పడుకున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు.

అది ఒక్కటే కాదు. ఫోన్‌లో శబ్దాలు గుర్తుపట్టే సదుపాయం ఉంటుంది. ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ 2020లోనే వచ్చింది. తలుపు గంట, పసిపిల్ల ఏడుపు, పొగ అలారం లాంటివి ఫోన్ విని వాచీకి పంపుతుంది. పాప పుట్టాక మొదటి నెలల్లో వంటింట్లో నిలబడి పని చేసుకోగలిగానంటే దాని వల్లే. అయితే ప్రాణం మీదికొచ్చే వాటికి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని వాళ్లే చెబుతారు, పొగ అలారానికి నాకు వేరే లైటు ఉంది.

ఇక మార్చడం గురించి. నేను ఒకసారి మార్చాను. కొత్త దాంట్లో అన్నీ మెరుగే గానీ తట్టే బలం మాత్రం పాతదానికంటే తక్కువ, తెల్లవారుజామున గాఢ నిద్రలో తెలిసేది కాదు. సెట్టింగుల్లో బలం పెంచాక సర్దుకుంది. సమీక్షలు రాసేవాళ్లు స్క్రీన్ వెలుగు గురించి పేజీలు రాస్తారు, తట్టే బలం గురించి ఒక్క వాక్యం ఉండదు. నాలాంటివాళ్లు కొనేముందు చేతికి కట్టుకుని అలారం పెట్టి చూడాలి.

సాదాగడియారం
@నిశ్శబ్దం గారూ, నేను నాకు పనికిరాలేదని చెప్పాను, మీ విషయంలో అది వస్తువు కాదు, తోడు. ఆ ఫోన్ శబ్దాల సంగతి నాకు తెలియదు. మా అత్తయ్యకీ వినబడదు, ఈ రాత్రికే చెబుతాను.

లిథియంలెక్కలు
మొదటి పోస్టుకి వస్తున్నా. మీ వాచీకి వచ్చింది జబ్బు కాదు, వయసు. ఫోన్ బ్యాటరీ నాలుగైదు వేల మిల్లీ ఆంపియర్ అవర్లు ఉంటే వాచీలో ఉండేది కొన్ని వందలే. రోజూ నింపి రోజూ ఖాళీ చేస్తాం కాబట్టి తొందరగా అరుగుతుంది. ఆపిల్ తన వాచీ బ్యాటరీ గురించి చెప్పేదేమంటే, 1000 పూర్తి ఛార్జింగుల తర్వాత కూడా అసలు సామర్థ్యంలో 80 శాతం ఉండేలా చేశామని. రోజుకొకటి చొప్పున లెక్కేసుకోండి, మూడేళ్లు కూడా నిండవు. మీది నాలుగు దాటింది.

నడక మధ్యలోనే ఎందుకు ఆగుతోందంటే, అరిగిన బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. ఊరికే టైము చూపిస్తూ కూర్చుంటే దానికి ఇబ్బంది లేదు. నడక మొదలుపెట్టగానే జీపీఎస్, గుండె సెన్సర్, స్క్రీన్ అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి, వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, ఇంకా కొంత శాతం చూపిస్తుండగానే వాచీ ఆగిపోతుంది. వయసు మళ్లిన మనిషి నేల మీద మామూలుగానే నడుస్తాడు, మెట్లెక్కమంటే ఆయాసపడతాడు చూడండి, అదే ఇది.

కొనేముందు రెండు పనులు చేయండి. స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూ ఉండే సెట్టింగు తీసేయండి. నడకకి ఫోన్ జేబులో ఉంటే దాని జీపీఎస్‌నే వాడుకునే వీలు మీ వాచీలో ఉందేమో చూడండి. తర్వాత బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూసి ఇక్కడ రాయండి. కొన్ని వాచీల్లో అది సెట్టింగుల్లోనే కనబడుతుంది.

మణికట్టు_మనిషి
@లిథియంలెక్కలు చూశా. 74 శాతం అని ఉంది, సర్వీసు చేయించమని కింద రాసింది. ఎప్పుడూ వెలిగే స్క్రీన్ ఇప్పుడే తీసేశా. "శాతం ఉండగానే ఆగిపోవడం" సరిగ్గా నాకు జరుగుతున్నదే. మొత్తం పాడైపోయిందనుకున్నా.

కోడ్‌కూలీ
బ్యాటరీ మార్పిస్తే సరిపోతుందని చెప్పేముందు ఇంకొకటి చూడాలి. ఆ వాచీకి అప్‌డేట్లు ఇంకెన్నాళ్లు వస్తాయి? అవి ఆగిపోతే బ్యాటరీకి పెట్టిన డబ్బు ఎక్కువ కాలం పనికిరాదు. ఆపిల్ వాచీల్నే చూడండి: 2022లో వాటి సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 9 వచ్చినప్పుడు సిరీస్ 3 మోడల్‌ని వదిలేశారు, అది అదే ఏడాది దాకా కొత్తగా అమ్ముడవుతూనే ఉంది. 2024లో వాచ్‌ఓఎస్ 11తో సిరీస్ 4, సిరీస్ 5, మొదటి ఎస్‌ఈ మూడూ బయటికి పోయాయి. అప్‌డేట్ ఆగగానే వాచీ చచ్చిపోదు, కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత యాప్‌లు ఒక్కోటీ కొత్త రూపం పని చేయదని చెప్పడం మొదలుపెడతాయి.

ఇంకో చిక్కు ఫోన్‌తో. ఆపిల్ వాచీ ఐఫోన్‌తో తప్ప జతకట్టదు. శాంసంగ్ 2021లో గెలాక్సీ వాచ్ 4తో తన సొంత సాఫ్ట్‌వేర్ టైజెన్ వదిలి గూగుల్ వాళ్ల వేర్ ఓఎస్‌కి మారింది, అప్పటి నుంచీ ఐఫోన్‌తో పని చేయదు. కాబట్టి ఏడాదిలో ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ముందు అది తేల్చుకోండి, వాచీ తర్వాత.

పాతసామాను
అప్‌డేట్ ఆగితే పని అయిపోయిందని ఎందుకనుకోవాలి? పెబుల్ అనే స్మార్ట్‌వాచీ కంపెనీ సంగతి గుర్తుందా? 2012లో జనం చందాలతో మొదలైంది, 2016 చివర్లో మూతపడింది. అభిమానులే రెబుల్ అని ఒక సేవ పెట్టి ఆ వాచీల్ని నడిపించుకున్నారు. 2025 జనవరిలో గూగుల్ ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ని అందరికీ తెరిచేసింది. నా దగ్గర ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. ఎండలో కూడా దాని స్క్రీన్ చక్కగా కనబడుతుంది, ఛార్జింగ్ రోజుల తరబడి వస్తుంది. మెసేజీ, టైమరు, అలారం. మొదటి పోస్టులో అడిగిన వాటిలో చాలావరకు ఉన్నట్టే.

కోడ్‌కూలీ
@పాతసామాను పెబుల్ మీద నాకూ ప్రేమే. కానీ అది మామూలుగా జరిగేది కాదు బాస్. మూతపడిన వాచీలన్నిటికీ అంత పట్టుదల ఉన్న జనం దొరకరు.

తీరికలేదు
ఇంకోటి చెప్పడం మర్చిపోయా. అందరం కలిసి ఫొటో దిగాలంటే ఫోన్ గోడకి ఆనించి, వాచీలో చూసుకుంటూ నొక్కుతా. ఇంతకుముందు ప్రతి ఫొటోలోనూ నేను తప్ప అందరూ ఉండేవాళ్లు.

రెండోషిఫ్టు
నేను నర్సుని. వార్డులో మోచేతి కిందకి ఏమీ ఉండకూడదు, కాబట్టి వాచీ పనిలో కాదు, బయటే. నేను కొన్నది నిద్ర కోసం. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకి ఎంత నిద్రపోయామో నిజంగా తెలియదు.

వాచీ చెప్పే నిద్ర గంటలు నమ్మొచ్చు, కొంచెం అటూ ఇటూ. గాఢ నిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అని చూపించే రంగుల పటాన్ని మాత్రం నేను పట్టించుకోను. నిద్ర దశలు తేల్చాలంటే మెదడు తరంగాలు చూడాలి, ల్యాబులో తలకి తీగలు పెట్టి చేసేది అదే. వాచీకి దొరికేది చేతి కదలిక, గుండె కొట్టుకునే తీరు, వాటిని పట్టుకుని ఊహిస్తుంది. మా దగ్గర ఒకమ్మాయి నిద్ర మార్కు తక్కువొస్తే ఆ రోజంతా నీరసంగా ఉండేది, మార్కు చూడకముందు బాగానే ఉండేది. ఆ మార్కు కనబడకుండా చేశాం, తేలికపడింది.

మణికట్టు_మనిషి
@రెండోషిఫ్టు గారూ, మరి నిద్రలో ఊపిరి ఆగడం పసిగట్టేది కూడా ఊహేనా? కొత్తది కొనాలనిపించింది సగం దాని కోసమే. నేను గురక పెడతానని, మధ్యలో చప్పుడు ఆగిపోతుందని ఇంట్లో అంటున్నారు.

రెండోషిఫ్టు
@మణికట్టు_మనిషి గారూ, అది రంగుల పటం కంటే గట్టిదే. శాంసంగ్‌కి 2024 ఫిబ్రవరిలో, ఆపిల్‌కి అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. శాంసంగ్ పద్ధతిలో పది రోజుల లోపు రెండు రాత్రులు, ఒక్కోసారి నాలుగు గంటలకి పైగా నిద్రపోవాలి. ఆపిల్ నెల రోజుల రాత్రులు చూసి ఊపిరిలో తేడాలు కదలికల ద్వారా పట్టి, జబ్బు ఒక మాదిరి నుంచి తీవ్రం దాకా ఉండొచ్చనిపిస్తే చెబుతుంది. రెండూ "డాక్టరుకి చూపించు" అనే దాకానే. ఏమీ చెప్పలేదంటే ఏమీ లేదని అర్థం కాదు.

మీకు వాచీ చెప్పాల్సింది మీ ఇంట్లోవాళ్లు ఇప్పటికే చెప్పేశారండి. గురక మధ్యలో ఆగుతోందన్నది డాక్టరు మొదట అడిగే ప్రశ్న. పగలు కునికిపాట్లు, పొద్దున్నే తలనొప్పి, బీపీ ఇవి కూడా ఉంటే అసలు ఆగొద్దు. వాచీ కొని నెల రోజులు చూసి అప్పుడు వెళ్లడం కంటే రేపే వెళ్లండి. నిద్ర పరీక్షకి రాస్తారు, ఇంట్లోనే చేసేవి కూడా ఉన్నాయి.

నాన్నకూచి
పై మాట నిజమే గానీ అన్ని జబ్బులూ పక్కవాళ్లకి వినబడవు. మా నాన్నకి నేనే బలవంతంగా కట్టాను. కొన్ని వారాలకి గుండె లయ తప్పుతోందని చూపించింది. ఆయనకి ఏ బాధా లేదు, "ఈ బొమ్మ మాటకి ఆస్పత్రికా" అన్నారు. తీసుకెళ్లాం. పెద్ద ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు, అన్నారు, రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు. అది గమనించకుండా వదిలేస్తే పక్షవాతం రావచ్చని డాక్టరు చెప్పినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి.

ఆ తర్వాత పాత వాచీ మార్చి, పడిపోతే పసిగట్టేది తీసుకున్నాం. గట్టిగా పడి ఒక నిమిషం పాటు కదలకపోతే అదే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తుంది, మనకీ మెసేజీ వస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మార్చడం దండగ అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఆపిల్‌లో వయసు 55 లేదా అంతకంటే ఎక్కువని నమోదు చేస్తే అది దానంతటదే ఆన్ అవుతుంది, తక్కువైతే మనమే ఆన్ చేయాలి. సిమ్ సదుపాయం లేని వాచీ అయితే ఫోన్ దగ్గర్లో ఉండాలి, లేకపోతే కాల్ పోకపోవచ్చు.

సందేహాలసంచి
@నాన్నకూచి మీ నాన్నగారికి మేలు జరిగింది, సంతోషం. కానీ ఇది చదివి పాతికేళ్లవాళ్లు గుండె కోసమని వాచీ మార్చుకోవడం మొదలెడతారేమోనని నా భయం. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఆపిల్‌తో కలిసి 4 లక్షల 19 వేల మందితో చేసిన అధ్యయనం ఒకటుంది, 2019 నవంబరులో అచ్చయింది. అంతమందిలో లయ తప్పుతోందన్న హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే. వాళ్లలో గుండె లయ నమోదు చేసే ఈసీజీ పట్టీ ఛాతీకి పెట్టుకుని తిప్పి పంపినవాళ్లని చూస్తే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనబడింది 34 శాతంలో.

నాన్నకూచి
@సందేహాలసంచి ఆ 34 వెనక ఉన్నది కూడా చెప్పండి. పట్టీ పెట్టింది హెచ్చరిక వచ్చిన కొన్ని రోజుల తర్వాత. ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది. పట్టీ ఒంటి మీద ఉన్నప్పుడే వాచీ మళ్లీ హెచ్చరించిన సందర్భాలు తీసుకుంటే 84 శాతం నిజమే అయ్యాయి. అదే అధ్యయనంలో ఉంది.

సందేహాలసంచి
నిజమే, ఆ అంకె కూడా అందులోనే ఉంది. అరవై దాటినవాళ్లకి మీ మాట, ముప్పై దాటనివాళ్లకి నా మాట అనుకుందాం.

రెండోషిఫ్టు
ఇద్దరూ వదిలేసినది నేను చెబుతా. వాచీ ఈసీజీకి గుండెపోటుని పట్టే శక్తి లేదు. ఛాతీ నొప్పొస్తుంటే వేలు పెట్టి "లయ మామూలే" అని చూసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు. దయచేసి అలా చేయొద్దు. నొప్పొస్తే వాచీ వైపు చూడకుండా ఆస్పత్రికి పరుగెత్తండి.

చక్కెరబిళ్ల
ఈ మాటల్లోనే నాది కూడా. నాకు షుగరు. సూది గుచ్చకుండా షుగరు చూపిస్తామని అమ్మే వాచీలు, ఉంగరాలు తెగ కనబడుతున్నాయి. ఒక్కటి కూడా కొనకండి. అలాంటి దేనికీ అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. తప్పు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం పోతుంది. నేను వాడేది చర్మం కిందకి సన్న తీగ వెళ్లే సెన్సర్, వాచీ దాని అంకెని చూపించే అద్దం మాత్రమే. మీటింగులో ఫోన్ తీయకుండా ఒక చూపు చూస్తే చాలు. నాకు వాచీ విలువంతా ఆ ఒక్క చూపే.

తీరికలేదు
@చక్కెరబిళ్ల బీపీ సంగతేంటి? అది కూడా అబద్ధమేనా?

చక్కెరబిళ్ల
కొన్నిట్లో ఉంది. శాంసంగ్‌లో అయితే చేతికి చుట్టే మామూలు బీపీ మిషన్‌తో ముందు సరిచూసుకోవాలి, 28 రోజులకోసారి మళ్లీ చేయాలి. మిషను ఇంట్లో ఎలాగూ ఉండాలన్నమాట.

పరుగుపిచ్చి
చర్చ ఆస్పత్రిలోకి వెళ్లిపోయింది, కాస్త మైదానంలోకి రండి :)

నేను మార్చాక నిజంగా తెలిసిన తేడా జీపీఎస్. పాతది ఎత్తైన భవనాల మధ్య నేను గోడల్లోంచి పరుగెత్తినట్టు గీత గీసేది, దూరం ఎక్కువ చూపించేది. కొత్తది రెండు ఫ్రీక్వెన్సీల్లో, అంటే ఎల్1, ఎల్5 రెండిట్లోనూ, సంకేతం అందుకుంటుంది. గోడలకి తగిలి వచ్చే సంకేతాన్ని బాగా వేరు చేస్తుంది. గీత ఇప్పుడు రోడ్డు మీదే ఉంటోంది. ఖాళీ మైదానంలో, చెరువు గట్టు మీద పరుగెత్తేవాళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు, దాని కోసం మార్చొద్దు.

గుండె వేగం మాత్రం మణికట్టు దగ్గర కొంచెం వెనకబడుతుంది. పచ్చ లైటు చర్మం మీద వేసి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది కదా. చెయ్యి ఊగుతున్నా, చలికి చర్మంలో రక్తం తగ్గినా, పట్టీ వదులైనా, సెన్సర్ కింద పచ్చబొట్టు ఉన్నా తప్పుతుంది. వేగం పెంచుతూ తగ్గిస్తూ పరుగెత్తేవాళ్లు కొత్త వాచీకి పెట్టే డబ్బులో కొంత పెట్టి గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ కొనుక్కుంటే అంతకంటే మేలు. పాత వాచీల్లో కూడా చాలావాటికి అది జతకడుతుంది.

మణికట్టు_మనిషి
@పరుగుపిచ్చి నేను నడిచేది పార్కులోనే. నాకు పదివేల అడుగులు నిండితే చాలు.

పరుగుపిచ్చి
ఆ పదివేలు డాక్టర్లు పెట్టింది కాదండి. 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల లెక్క యంత్రం పేరులోంచి వచ్చింది. తక్కువ నడిచిన రోజు బాధపడక్కర్లేదు, నిన్నటికంటే కాస్త ఎక్కువైతే చాలు.

దురదబాధితుడు
పట్టీ కింద ఎర్రగా దద్దుర్లు వస్తున్నాయి, వాచీ మారిస్తే పోతాయా?

రెండోషిఫ్టు
@దురదబాధితుడు చాలామందికి చెమట, సబ్బు పట్టీ కింద నిలిచిపోవడం వల్లే. పట్టీ కడిగి ఆరబెట్టండి, స్నానం తర్వాత చెయ్యి పూర్తిగా ఆరాకే కట్టుకోండి, రోజులో కాసేపు తీసేయండి. దద్దుర్లు కొక్కెం కిందే వస్తుంటే లోహం పడకపోవచ్చు, గుడ్డ పట్టీకి మారండి. తగ్గకపోతే చర్మ డాక్టరుకి చూపించండి. మొత్తం వాచీ మార్చే పని లేదు.

మణికట్టు_మనిషి
కబురు చెబుదామని వచ్చా. ముందు నిద్ర సంగతి: డాక్టరు దగ్గరికి వెళ్లాను, ఇంట్లో చేసే నిద్ర పరీక్షకి రాశారు, వచ్చే వారం. @రెండోషిఫ్టు గారూ, చెప్పినందుకు ధన్యవాదాలు, లేకపోతే కొత్త వాచీ వచ్చేదాకా ఆగేవాణ్ణి.

@కోడ్‌కూలీ చెప్పినట్టు అప్‌డేట్లు చూశా, నా మోడల్‌కి ఇంకా వస్తున్నాయి. ఫోన్ మార్చే ఆలోచన లేదు. కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే బ్యాటరీ మార్పించా. నడక పూర్తయి ఇంటికొచ్చాక కూడా సగానికి పైగా ఉంటోంది. ఒకటే అనుమానం. దీని వెనక 50 మీటర్లు అని రాసి ఉంటుంది. విప్పి బిగించారు కదా, ఈతకి కట్టుకోవచ్చా?

లిథియంలెక్కలు
బాగా చేశారు. సర్వీసులో విప్పినప్పుడు నీళ్లు చొరకుండా ఉండే రబ్బరు, జిగురు కొత్తగా వేసి ఒత్తిడి పరీక్ష చేశారా అని అడగండి. చేశామంటే బిల్లు మీద రాయించుకోండి. చేయలేదంటే ఈతకి వద్దు.

50 మీటర్లంటే అంత లోతుకి దూకమని కాదు, కదలని నీళ్లలో అంత ఒత్తిడి పెట్టి చూశారని. మామూలు ఈతకి పర్వాలేదు. వేడి నీళ్ల షవరు, ఆవిరి గది, సబ్బు నురగ మాత్రం వద్దు, ఆ రబ్బరుని పాడు చేసేవి అవే. కొలను నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి తుడవండి.

పాతసామాను
కొత్తది కొని పాతది మూలన పడేసేవాళ్లకి ఒక మాట: సగం ఛార్జింగ్‌లో ఆపి పెట్టండి, పూర్తిగా ఖాళీ అయితే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. ఎవరికన్నా ఇచ్చేట్టయితే ముందు మీ ఫోన్ నుంచి జత విప్పి, మీ ఖాతా తీసేయండి. తాళం పడిన వాచీ తీసుకున్నవాళ్లకి ఎందుకూ పనికిరాదు.

తీరికలేదు
@మణికట్టు_మనిషి పరీక్షలో ఏం వచ్చిందో ఇక్కడే రాయండి. మా ఆయనకీ అదే గురక, నాకూ అడగాల్సినవి ఉన్నాయి.